కోలీ రక్తం కలిసిన లర్చర్: తీసుకోవాలా, వద్దా?

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా, పత్తికొండ వైపు. ఇప్పుడు ఇంగ్లండ్‌లో, లింకన్‌షైర్ వోల్డ్స్‌లో ఒక చిన్న ఊళ్లో ఉంటున్నాం. మా ఇంటి వెనకాలే ఒక పెద్దాయన ఫామ్ ఉంది, గోధుమ చేలు, కొన్ని గొర్రెలు. చలికాలంలో ఆయన ఫెరెట్లు (బొరియల్లో దూరి కుందేళ్లను బయటికి తరిమే, ముంగిస లాంటి పెంపుడు జంతువులు) తీసుకుని కుందేళ్లకు వెళ్తుంటే నేనూ వెంట వెళ్లడం అలవాటైంది. గొర్రెలు తోలే ఆయన బార్డర్ కోలీ ఆడకుక్కకు ఒక గ్రేహౌండ్ వల్ల పిల్లలు పుట్టాయి. ఇలాంటి సంకరాన్ని ఇక్కడ లర్చర్ అంటారు. కావాలంటే ఒకటి తీసుకో, నా పొలంలోనే పని నేర్పుకో అంటున్నాడు. నా కొలీగ్ మాత్రం కోలీ కలిసిన లర్చర్ దండగ, వేగం ఉండదు, పైగా తలనొప్పి, తీసుకుంటే విప్పెట్, గ్రేహౌండ్ కలిసింది తీసుకో, లేదంటే సలూకీ కలిసింది తీసుకో అంటున్నాడు. ఎవరి మాట వినాలి? అదే కుక్క గొర్రెల పనికి కూడా వస్తుందా? ఇంట్లో ఏడేళ్ల బాబు, నాలుగేళ్ల పాప. నేను వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని చేస్తాను. మా ఆవిడ శాకాహారి, కుందేలు వంటింట్లోకి వస్తే ఊరుకోదు.
పేరు వద్దన్న పాఠకుడు, లింకన్‌షైర్

జవాబు: పిల్లను తీసుకోండి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కింద రాయబోయే ఇబ్బందులన్నీ చదివాక వద్దంటున్నానేమో అనుకుంటారు. వద్దనడం లేదు. మీకు వెనకాలే పొలం ఉంది, ఆ పొలం ఆసామి ఒప్పుకున్నాడు, పని తెలిసిన మనిషి పక్కనే ఉన్నాడు, వారంలో సగం రోజులు మీరు ఇంట్లోనే ఉంటారు. లర్చర్ కావాలని నాకు రాసేవాళ్లలో చాలామందికి ఇందులో రెండు కూడా కుదరవు.

మీ కొలీగ్ చెప్పింది అబద్ధమేమీ కాదు. కోలీ కలిస్తే వేగం తగ్గుతుంది, నిజమే. తలనొప్పి తెస్తుంది, అదీ నిజమే, దాని గురించి కిందికి వెళ్లాక చాలా చెప్తాను. కాకపోతే అతను వేగం ఒక్కటే లెక్క వేస్తున్నాడు. అతను ఏ పనికి కుక్కను చూస్తున్నాడో నాకు తెలియదు గానీ, సలూకీ మాట ఎత్తాడు కాబట్టి కొంచెం అనుమానంగానే ఉంది. ఆ సంగతి కూడా తర్వాత.

ఈ కుక్కల గురించి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. లర్చర్ ఒక జాతి కాదు. గ్రేహౌండ్, విప్పెట్, డీర్‌హౌండ్, సలూకీ లాంటి, కంటితో చూసి తరిమి పట్టే వేటకుక్కకీ, ఇంకేదైనా పనికుక్కకీ పుట్టిన సంకరం. ఆ ఇంకోటి బెడ్లింగ్టన్ టెర్రియర్ కావచ్చు, కోలీ కావచ్చు. కుక్కల జాతుల్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ దీన్ని జాతిగా గుర్తించదు, పెంచేవాళ్లకు ఆ దిగులూ లేదు. ఇంగ్లండ్‌లో ఒకప్పుడు వేటకుక్క ఉండడమంటేనే హోదా. 14వ శతాబ్దం చివర్లో, రెండో రిచర్డ్ కాలంలో వచ్చిన చట్టం ప్రకారం ఏడాదికి 40 షిల్లింగుల రాబడి వచ్చే భూమి లేని మామూలు మనిషి వేటకు గ్రేహౌండ్‌ను పెట్టుకోకూడదు. అలాంటి చోట పేదవాడి పొయ్యి మీదికి కుందేలును చేర్చిన కుక్క ఇది. పశువుల్ని లండన్‌లోని స్మిత్‌ఫీల్డ్ సంతకు తోలుకెళ్లేవాళ్ల వెంట బియర్డెడ్ కోలీ రకం రక్తం కలిసిన, గరుకు బొచ్చు కుక్కలు ఉండేవని, దారిలో రాత్రి కూర సంగతి అవే చూసుకునేవని చెప్పుకుంటారు. ఆ రకానికి స్మిత్‌ఫీల్డ్ లర్చర్ అనే పేరు ఇప్పటికీ ఉంది.

ఇక మీ పని. ఫెరెట్లతో కుందేళ్లు పట్టేటప్పుడు కుక్క పరిగెత్తేది తక్కువ, బుర్ర పెట్టాల్సింది ఎక్కువ. మీరు చూసినదే: అక్టోబరు దాటి గట్ల మీది గడ్డి గాదం ఎండిపోయి బొరియలు బయటపడ్డాక, పెద్దాయన ఒక్కో బొరియ మీద చిన్న సంచి వల పరుస్తాడు, ఫెరెట్‌ను లోపలికి వదులుతాడు, కుందేలు భయంతో బయటికి దూకి వలలో పడుతుంది, వల తప్పించుకుంటే కుక్క అందుకోవాలి. కానీ వలలు తీయకముందే అసలు పని ఒకటి ఉంది. ఏ గట్టులో కుందేలు ఉంది, ఏది ఖాళీ? ఇది చెప్పగలిగిన కుక్క పక్కన ఉంటే సగం పూట మిగిలినట్టే. మంచి కోలీ లర్చర్ గట్టు వెంట ముక్కు నేలకు ఆన్చుకుంటూ నడుస్తుంది, ఖాళీ బొరియల్ని ఆగకుండా దాటిపోతుంది, కుందేలున్న చోట మాత్రం ఉన్నపళంగా బిగుసుకుపోతుంది. ఒక ముంగాలు కాస్త పైకి లేస్తుంది. తల వంచి ఒక చెవిని బొరియ వైపు పెడుతుంది, ఒళ్లంతా కదలదు గానీ తోక చివర మాత్రం సన్నగా వణుకుతూ ఉంటుంది. మొరగదు, తవ్వదు, ఒకసారి మీ వైపు చూసి మళ్లీ బొరియలోకి చూస్తుంది. ఆ తర్వాత మీరు వలలు పరుస్తున్నంతసేపూ వాటి మీద కాలు పెట్టకుండా చుట్టు తిరిగి వెళ్లి, గాలి తన వైపు వీచే చోటు చూసుకుని పడుకుంటుంది. ఫెరెట్ తల బయటికి పెడితే ముట్టుకోదు. ఎంత జాగ్రత్తగా వలలు వేసినా పొద కింద ఒక్క బొరియ మిగిలిపోతుంది చూడండి, కుందేలు సరిగ్గా అందులోంచే వస్తుంది, అప్పుడు లేస్తుంది.

ఇదంతా గ్రేహౌండ్‌కు నేర్పలేమా అంటే కొంతవరకు నేర్పొచ్చు. విప్పెట్ కలిసిన చిన్న లర్చర్లు కూడా ఈ పని బాగానే చేస్తాయి, పైగా ఇరుకు చోట చటుక్కున అందుకుంటాయి. కోలీ సంకరంతో తేడా ఏమిటంటే, మీరు ఏం చేస్తున్నారో అది గమనిస్తుంది. వల ఎందుకు వేస్తున్నారో, ఫెరెట్‌ను ఎటు వదిలారో, ఎటునుంచి కుందేలు రావచ్చో నాలుగైదుసార్లు చూస్తే దానికే అర్థమవుతుంది. మనిషి చేతి సైగ చూసి, ఈల విని దూరాన్నుంచే పని చేసేలా తరతరాలుగా ఏరి ఏరి పెంచిన కుక్క కోలీ. ఆ గుణం సంకరంలో కూడా చాలావరకు దిగుతుంది. పట్టిన కుందేలును నలపకుండా, చాలాసార్లు ప్రాణంతోనే, తెచ్చి చేతికివ్వడం కూడా కోలీ రక్తం ఉన్నవాటికి సులువుగా వస్తుంది.

వేగం దగ్గరికి వద్దాం. గ్రేహౌండ్ గంటకు 65 కిలోమీటర్లు దాటి పరిగెత్తగలదు. సగం కోలీ అయిన పిల్ల ఆ వేగాన్ని అందుకోలేదు, మొదటి అంగల్లోనే వెనకబడుతుంది. సాయంత్రం చేను అంచున మేసే కుందేలు బొరియకు దూరంగా పోదు, అలికిడైతే క్షణాల్లో గట్టులో దూరిపోతుంది. ఆ నాలుగు క్షణాల పందెంలో విప్పెట్, గ్రేహౌండ్ కలిసిన కుక్క పట్టే కుందేలును మీ కుక్క వదిలేస్తుంది. ఇందులో మీ కొలీగ్‌దే గెలుపు, వాదన అక్కర్లేదు. అయితే రెండు మూడు సీజన్లు పనిచేసిన కోలీ లర్చర్ కుందేలు వెంటపడకుండా కుందేలుకీ గట్టుకీ మధ్యకు పరిగెత్తడం నేర్చుకుంటుంది. రాత్రిపూట లైటు వేసి పట్టే పనిలో, ఇక్కడ ల్యాంపింగ్ అంటారు, ఈ తెలివి బాగా అక్కరకొస్తుంది. ఇంకోటి, కుందేలు తప్పిపోయి చీకట్లో పొదల్లో దూరితే పరుగు రక్తం ఎక్కువున్న కుక్క కంటికి కనిపించనిదాన్ని వదిలేసి అటూ ఇటూ తిరుగుతుంది. కోలీ సంకరం ముక్కుతో వెతుకుతుంది, లేదా ఈల వినగానే వచ్చేస్తుంది. పిలిస్తే వచ్చే కుక్క విలువ ఏమిటో, రోడ్డు పక్క పొలంలో అర్ధరాత్రి నిలబడి ఈల వేసీ వేసీ నోరు ఎండిపోయినవాణ్ని అడగండి.

ఇంకా వేగం కావాలనుకునేవాళ్లు సగం సంకరాన్ని మళ్లీ గ్రేహౌండ్‌తో కలుపుతారు. ముప్పావు గ్రేహౌండ్, పావు కోలీ వస్తుంది. ల్యాంపింగే ప్రధానం అనుకునేవాళ్లలో చాలామందికి అదే ఇష్టం, మీరు రాత్రి పని ఎక్కువ చేస్తానని రాసి ఉంటే నేనూ అదే చెప్పేవాణ్ని. మీది ముఖ్యంగా ఫెరెట్ల పని. సగం సంకరం చాలు.

పాదాల సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ పనికుక్కకు అదే ముఖ్యం. మీ వోల్డ్స్ సుద్దనేల, దున్నితే చెకుముకి రాళ్లు పైకి తేలతాయి, చలికాలంలో నేల గడ్డకట్టిందంటే ఆ అంచులు కత్తుల్లా ఉంటాయి. గ్రేహౌండ్ పాదాలు ఇలాంటి చోట తొందరగా కోసుకుపోతాయి, వేళ్ల కీళ్లు జారతాయి, ఒక్క దెబ్బతో నెలల తరబడి ఇంట్లో కూర్చోవాల్సి వస్తుంది. కోలీ రక్తం వల్ల పాదం గట్టిగా, బిగువుగా వస్తుంది. బొచ్చు కాస్త ఒత్తుగా ఉంటుంది కాబట్టి జనవరి వానలో గట్టు పక్కన గంటలకొద్దీ కూర్చోగలదు. గ్రేహౌండ్‌కు ఒంట్లో కొవ్వే ఉండదు, అరగంటలో వణుకుతుంది. రోజంతా తిరిగే ఓపిక కూడా కోలీ సంకరానిదే. ముళ్లతీగ కంచె మాత్రం దేన్నీ వదలదు, లర్చర్ చర్మం ఏదైనా పల్చనే, వేగంగా వెళ్లి తగిలితే చీరుకుపోతుంది. అందుకే చీకట్లో ఎక్కడెక్కడ తీగలున్నాయో ముందే పగటిపూట నడిచి చూసుకోండి.

సరే, తలనొప్పి.

కోలీ గొర్రెను చంపడానికి పుట్టిన కుక్క కాదు, తోలడానికి పుట్టింది. వేట జంతువు చేసే పనుల వరసలో, అంటే చూపు నిలపడం, పొంచడం, తరమడం, పట్టడం, ఈ చివరిది అణిగిపోయేలా మనుషులు దాన్ని మలిచారు. ఆ అణిగిన గుణం సంకరంలోకి ఎంత దిగుతుందో ముందే చెప్పలేం. కొన్ని పిల్లలు పెద్దయ్యాక కుందేలు దాకా అద్భుతంగా పరిగెత్తి, సరిగ్గా నోరు వేయాల్సిన చోట పక్కకు తిరిగి దాని చుట్టూ చక్కర్లు కొడతాయి, గొర్రెపిల్లను మందలోకి మళ్లిస్తున్నట్టు. పక్కన అనుభవమున్న కుక్క పట్టడం నాలుగుసార్లు చూస్తే చాలావాటికి పోతుంది. కొన్నిటికి పోదు. అవి మంచి ఇంటి కుక్కలవుతాయి, అంతే.

దీనికి అటువైపు ఇంకో రకం ఉంది. మరీ తెలివి మీరినవి. ఇంకో కుక్కతో కలిపి వదిలితే, ఆ రెండోది తరుముతుందిలే, కుందేలు ఇటే వస్తుందిలే అని మధ్యలోనే వేగం తగ్గించి కాచుక్కూర్చుంటాయి. ఇంగ్లండ్‌లో దీన్ని పెద్ద లోపంగా చూస్తారు. మీరు ఒక్క కుక్కతోనే పని చేస్తారు కాబట్టి మీకు ఇది అంత పెద్ద సమస్య కాదు.

మీకు నిజంగా సమస్య అయ్యేది దాని మనసు. కోలీ సంకరానికి కోపంగా అరిచిన అరుపు గుర్తుంటుంది. మొదటిసారి ఫెరెట్‌ను పట్టుకుందని గట్టిగా ఒక్కటి వేస్తే, ఆ రోజు నుంచి ఫెరెట్ పెట్టె కనిపిస్తేనే కారు కింద దూరే కుక్కలున్నాయి. మన ఊళ్లలో కుక్కను అదిలించే పద్ధతి దీని దగ్గర పనికిరాదు. ఒక్క "ఊహూఁ" చాలు, అది వినే కుక్క. తుపాకీ చప్పుడుకు బెదిరే గుణం కూడా కొన్ని కోలీల్లో ఉంటుంది, కుక్కపిల్లలు చిన్నగా ఉన్నప్పుడే పెద్దాయన్ని అడిగి తల్లి సంగతి తెలుసుకోండి. తల్లి ఉరుముకో టపాకాయకో బల్ల కింద దూరే రకమైతే నేను రెండుసార్లు ఆలోచిస్తాను.

ఖాళీగా ఉంటే ఇంకా కష్టం. గ్రేహౌండ్‌ను ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తిప్పితే మిగతా రోజంతా సోఫా మీద నిద్రపోతుంది. కోలీ సంకరం పని లేకపోతే తనే పని పెట్టుకుంటుంది. వాకిట్లో వెళ్లే సైకిళ్లను తరమడం, తలుపు చెక్క కొరకడం, పిల్లలు పరిగెత్తితే మడమల దగ్గర పళ్లు ఆనించి ఒక మూలకు తోలడం. మీ పాపకు నాలుగేళ్లు. కరవడం అనేంత కాదు గానీ ఏడుపులు మాత్రం ఖాయం. మొదటి రోజు నుంచే పిల్లల వెంట పరుగులు మాన్పించండి, వాళ్లిద్దరూ కుక్కతో ఆడేటప్పుడు బంతి వెతికే ఆట, దాచిన గుడ్డ తెచ్చే ఆట ఆడించండి, తరిమే ఆట వద్దు. మీరు ఆఫీసుకు వెళ్లే రోజుల్లో ఎవరు చూస్తారు? ఉత్తరంలో ఆ మాట రాయలేదు. పెద్దాయన దగ్గర వదలొచ్చా అని ముందే అడిగి తేల్చుకోండి, ఇది తేలకుండా పిల్లను ఇంటికి తేకండి.

గొర్రెల పనికి వస్తుందా అన్నారు. రాదు అనుకోండి, అదే మంచిది. ఎక్కడో ఒకటి అరా రెండు పనులూ చేసే కుక్కలు ఉండొచ్చు గానీ వాటిని నమ్ముకుని మంద దగ్గరికి పోలేం. సగం కోలీ, సగం వేటకుక్క అయిన జంతువు చెప్పకుండానే గొర్రెల్ని చుట్టుముట్టడం మొదలుపెడుతుంది, అవి బెదిరి పరిగెత్తగానే లోపలున్న గ్రేహౌండ్ లేస్తుంది. ఆ తర్వాత జరిగేది చూడలేం. చూలు గొర్రెలైతే ముట్టుకోకపోయినా, తరిమితేనే ఈసుకుపోతాయి. గొర్రెల్ని కుక్క వేధిస్తే 1953 నాటి చట్టం ప్రకారం నేరం, మందను కాపాడుకోవడానికి ఇంకో దారి లేకపోతే రైతు కుక్కను కాల్చినా 1971 చట్టం అతనికి రక్షణ ఇస్తుంది, 48 గంటల్లో పోలీసులకు చెప్తే చాలు. మీ పిల్ల కుందేలు మొహం చూడకముందే గొర్రెల మధ్య పొడవాటి తాడుతో తిప్పుతూ, వాటిని చూసి చూడనట్టు నడవడం నేర్చుకోవాలి. వాళ్లమ్మ మందను తోలుతుంటే పక్కన కూర్చుని చూడనివ్వకండి, నేర్చేసుకుంటుంది.

ఇప్పుడు సలూకీ సంగతి. ఇంగ్లండ్‌లో కుందేళ్లు రెండు రకాలు. బొరియల్లో ఉండే చిన్న కుందేలు ఒకటి. బొరియ లేకుండా బయలు చేలల్లో ఉండే హేర్ ఇంకోటి, మన చెవులపిల్లికి దగ్గరి చుట్టం. హేర్ చాలా దూరం పరిగెత్తుతుంది, దాన్ని తరమడానికి సలూకీ రక్తం కావాలంటారు. ఇక్కడే జాగ్రత్త. కుక్కలతో వేటాడడాన్ని నిషేధించిన 2004 చట్టం 2005 ఫిబ్రవరి 18న ఇంగ్లండ్, వేల్స్‌లలో అమల్లోకి వచ్చింది, లివర్‌పూల్ దగ్గర 1836 నుంచీ పేరుమోసిన వాటర్లూ కప్ హేర్ పందేలు ఆ నెలతోనే ఆగిపోయాయి. ఆ చట్టంలో ఎలుకలకూ, బొరియ కుందేళ్లకూ మినహాయింపు ఉంది, అదీ సొంత భూమి మీదైతే, లేదా ఆసామి అనుమతి ఉంటే. కుందేళ్లను అదుపులో పెట్టడం 1954 చట్టం ప్రకారం రైతు బాధ్యత కూడా, కాబట్టి మీ పెద్దాయన పని చట్టానికి లోబడినదే. హేర్‌ను కుక్కతో తరిమితే మాత్రం నేరం. 2022లో చట్టం ఇంకా బిగిసింది: హేర్‌ను వెతికే ఉద్దేశంతో కుక్కతో పరాయి పొలంలో అడుగుపెట్టినా ఆరు నెలల దాకా జైలు, పరిమితి లేని జరిమానా, కుక్కల్ని పెంచుకోకుండా కోర్టు నిషేధం కూడా పెట్టొచ్చు. స్కాట్లండ్ చట్టం వేరు, 2023 నుంచి ఇంకా కఠినం, సెలవులకు అటు వెళ్తూ కుక్కను తీసుకెళ్లి పొలంలో వదలొద్దు.

మీరు ఉండేది లింకన్‌షైర్ కావడం వల్ల ఇంత వివరంగా రాస్తున్నాను. హేర్ దొంగవేట ఆ జిల్లాకు పెద్ద బెడద, అక్కడి పోలీసులు ఆపరేషన్ గలీలియో పేరుతో దాని మీదే ప్రత్యేకంగా పనిచేస్తారు. చీకటి పడే వేళ చేను అంచున ఒక కారు, ఒక లర్చర్, అందులోనూ ఊరికి కొత్త మొహం కనిపిస్తే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, చేయాలి కూడా. పెద్దాయన చేత ఒక కాగితం మీద రాయించుకోండి: ఏ పొలాలు, ఏ పని, ఎప్పటిదాకా, ఆయన ఫోన్ నంబరు, సంతకం. కారులో ఒకటి, ఫోన్‌లో దాని ఫొటో ఒకటి. రాత్రి వెళ్లే ముందు ఆయనకు ఒక మెసేజ్ పెట్టండి. కుక్క హేర్ వెంట పడితే ఈల వేయగానే ఆగేలా నేర్పాలి. చెప్పాను కదా, ఇందులో కోలీ రక్తం మీకు సాయం చేస్తుంది. మీ కొలీగ్ చెప్తున్నది హేర్ల గురించే అయితే అతనితో కలిసి ఏ పొలానికీ వెళ్లకండి.

పత్తికొండ అన్నారు కాబట్టి ఒక మాట. పందికోన కుక్కల్ని చూసే ఉంటారు, బహుశా ఇంట్లో పెంచి కూడా ఉంటారు. వాటి కొలత దీనికి పెట్టకండి. అవి ఇల్లూ పొలమూ కాసే కుక్కలు, తమ నిర్ణయం తామే తీసుకుంటాయి, ఇది మీ మొహం చూసి నిర్ణయం తీసుకుంటుంది. ఇక్కడ నేర్చుకున్న పని సెలవుల్లో ఊళ్లో చూపిద్దామని కూడా అనుకోకండి. అక్కడ 1972 వన్యప్రాణి చట్టం ఉంది, చెవులపిల్లిని పట్టినా కేసే.

ఆరోగ్యం విషయంలో రెండు సంగతులు గట్టిగా పట్టుకోండి. మొదటిది, కోలీ జాతుల్లో కొన్నిటికి ఎండీఆర్1 అనే జన్యువులో లోపం ఉంటుంది. రఫ్ కోలీల్లో చాలా ఎక్కువ, బార్డర్ కోలీల్లో తక్కువ, కానీ లేకపోలేదు. ఆ లోపం ఉన్న కుక్క ఒంట్లోకి ఐవర్‌మెక్టిన్ లాంటి మందు ఎక్కువ మోతాదులో పోతే మెదడుకు చేరి తూలడం, కళ్లు కనిపించకపోవడం, కోమా, ప్రాణాపాయం దాకా వెళ్తుంది. గొర్రెలకూ గుర్రాలకూ నులిపురుగులకు వాడేది అదే కుటుంబం మందు. మీ పిల్ల తిరిగేది ఫామ్‌లో. కింద కారిన మందు నాకినా, మందు వేసిన గుర్రం పేడ తిన్నా చాలు. బుగ్గ లోపల దూదిపుల్లతో తీసి పంపితే పరీక్ష అయిపోతుంది, ముందు తల్లికి చేయించమనండి. రెండోది గ్రేహౌండ్ వైపు నుంచి: మత్తుమందులు కొన్ని ఈ రక్తం ఉన్నవాటికి మెల్లగా దిగుతాయి. డాక్టర్ ఫైల్లో "కోలీ క్రాస్" అని మాత్రమే రాయించకండి, గ్రేహౌండ్ మాట కూడా రాయించండి. మైక్రోచిప్ ఎలాగూ తప్పనిసరి, పెద్దాయన వేయించాక వివరాలు మీ పేరు మీదికి మార్చుకోండి.

పిల్లను ఎంచేటప్పుడు రంగు చూడొద్దు. ఒకే ఈతలో కొన్ని తండ్రి వైపు పొడుగ్గా పోతాయి, కొన్ని తల్లి వైపు పొట్టిగా, భుజాలు బరువుగా పోతాయి. భుజం బరువైనది మలుపు తిరిగేటప్పుడు ఇబ్బంది పడుతుంది. ఎనిమిది వారాలకు ముందు తీసుకోవద్దు. నేనైతే మధ్యస్థంగా ఉండే ఆడపిల్లను తీసుకుంటాను, అన్నిటికంటే ముందు ఉరికొచ్చేది కాదు, మూలన దాక్కునేదీ కాదు, కింద తాళంచెవులు పడేస్తే ఒకడుగు వెనక్కి వేసి, మళ్లీ వచ్చి వాసన చూసేది.

తొందర మాత్రం పడకండి. ఏడాది నిండేదాకా గట్టిగా పరిగెత్తించవద్దు, కాళ్ల ఎముకలు అప్పటికి గానీ గట్టిపడవు. పెద్దాయన పాత తరం మనిషి, ఎనిమిది నెలలకే వదిలి చూద్దాం అనొచ్చు, నవ్వి ఊరుకోండి. చిన్నప్పుడే అందని కుందేళ్ల వెంట పదేపదే వదిలితే పరిగెత్తుతూ మొరగడం అలవాటవుతుంది, దాన్ని మాన్పించడం దాదాపు అసాధ్యం, ఇంకొన్ని సగంలోనే ఆగిపోవడం నేర్చుకుంటాయి. మొదటి చలికాలం అంతా ఫెరెట్ల పక్కన పడుకుని చూడడమే దాని ఉద్యోగం. ఫెరెట్ పెట్టె దాని నిద్ర చోటు పక్కనే పెట్టండి, వాసన అలవాటవుతుంది. కోలీ సంకరాలకు మనసు ఎదగడానికి రెండేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు.

వంటింటి టెన్షన్ మీ ఆవిడకు అక్కర్లేదు. పట్టిన కుందేళ్లు పెద్దాయనకే వదిలేయండి, పొలం ఆయనది, కుందేళ్లూ ఆయనవే. పొట్ట కోసి శుభ్రం చేసేది కూడా పొలంలోనే. పేగులు ఒక్క ముక్క కూడా కుక్క నోట్లో పడనివ్వకండి, అడవి కుందేళ్లలో బద్దెపురుగు లార్వా తిత్తులు ఉంటాయి, వాటి వల్ల కుక్కకు పురుగులు పడతాయి. అయినా అది ఎక్కడో ఒకచోట మింగే ఉంటుంది కాబట్టి సీజన్‌లో బద్దెపురుగు మందు ప్రాజిక్వాంటెల్ ఎన్ని వారాలకోసారి వేయాలో డాక్టర్ని అడిగి, ఆ తేదీలు ఫోన్‌లో పెట్టుకోండి.